స్కాన్ చూసి జాతకం చెప్పొచ్చా?

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో మొదలయ్యాక దాని చుట్టుపక్కల ఊళ్ళ రోడ్ల తీరే మారిపోయింది. ఒక పక్క బెంగళూరు జాతీయ రహదారి, మరో పక్క 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, మధ్యలో మామిడిపల్లి, పహాడీషరీఫ్ లాంటి ఊళ్ళను కలిపే రోడ్లు. రాత్రీ పగలూ తేడా లేకుండా క్యాబులు, టిప్పర్లు, వాటి మధ్య నుంచి డ్యూటీకి పోయే కుర్రాళ్ళ బైకులు. ఇలాంటి రోడ్ల మీద ప్రమాదం జరిగిందంటే కాలో చెయ్యో విరగడం ఒక ఎత్తు, తలకు దెబ్బ తగలడం మరో ఎత్తు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. వారిలో 50,029 మంది హెల్మెట్ లేకుండా ద్విచక్ర వాహనం మీద ఉన్నవాళ్ళే. చనిపోయినవాళ్ళ లెక్క ఇలా దొరుకుతుంది. తలకు దెబ్బ తగిలి బతికినవాళ్ళు ఆ తర్వాత ఎలా ఉన్నారన్నది మాత్రం ఏ పట్టికలోనూ కనిపించదు. ఈ వ్యాసానికి ఆ రెండో లెక్కే ముఖ్యం.

ఐసీయూ బయట నిలబడ్డ తల్లిదండ్రులు డాక్టరును అడిగేది ఒకటే: "సార్, మా పిలగాడు మంచిగైతడా?" జవాబు కోసం డాక్టరు ముందుగా చూసేది సీటీ స్కాన్. ఆ బొమ్మ ఏం చెప్పగలదు, ఏం చెప్పలేదు అన్నది నరాల వైద్యులకే పరిమితమైన చర్చ అనుకోనక్కర్లేదు. వైద్యం కొనసాగించాలా, అప్పు తేవాలా, పొలం అమ్మాలా, ఇంటికి తీసుకుపోవాలా అన్న నిర్ణయాలు ఆ బొమ్మ గురించి డాక్టరు చెప్పే రెండు మాటల మీదే ఆధారపడుతున్నాయి. నా వాదన సూటిగా చెబుతాను. స్కాన్ దెబ్బను చూపిస్తుంది. కోలుకోవడం గురించి అది చెప్పేది అంచనా మాత్రమే. ఆ అంచనా ఇంతకుముందు అలాంటి బొమ్మే ఉన్నవాళ్ళకు ఏమైందన్న లెక్క నుంచి వస్తుంది. ఆ లెక్క ఎవరిది, ఎన్నాళ్ళ తర్వాత తీసింది అని అడగకుండా దాన్ని తీర్పుగా తీసుకోవడం ప్రమాదం.

ముందు సీటీకి దక్కాల్సిన గౌరవం దక్కనివ్వాలి. 1971లో లండన్ శివారు వింబుల్డన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రం మొదటిసారి రోగి తలను పొరలు పొరలుగా చూపించింది. అంతకుముందు మామూలు ఎక్స్‌రేలో పుర్రె ఎముక కనిపించేది గానీ లోపల రక్తం గడ్డకట్టిందో లేదో నేరుగా కనిపించేది కాదు. హౌన్స్‌ఫీల్డ్‌కు 1979లో అలన్ కోర్మాక్‌తో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. నిమిషాల్లో పూర్తయ్యే ఈ పరీక్షలో తాజా రక్తం తెల్లగా కనిపిస్తుంది. మెదడు ఒక పక్కకు ఎంత జరిగిందో కొలవచ్చు. మెదడు అడుగుభాగంలో నీరు నిలిచే ఖాళీలు మూసుకుపోయాయంటే లోపల ఒత్తిడి పెరిగిందని అర్థం. క్లాట్ తీయాలా, ఒత్తిడి తగ్గించడానికి పుర్రె ఎముక ముక్క తీసి రోగి పొట్ట చర్మం కింద భద్రపరచాలా అన్నది తేల్చడానికి దీన్ని మించినది లేదు. 'ఇప్పుడు ఏం చేయాలి' అన్న ప్రశ్నకు సీటీ చాలా మంచి జవాబు ఇస్తుంది. 'ఆరు నెలల తర్వాత ఎలా ఉంటాడు' అన్నది వేరే ప్రశ్న.

ఆ రెండో ప్రశ్నకు జవాబు వెతికినవాళ్ళు బొమ్మ ఒక్కదాన్నే నమ్ముకోలేదు. 1974లో గ్లాస్గోలో టీస్‌డేల్, జెనెట్ అనే ఇద్దరు వైద్యులు కళ్ళు తెరవడం, మాట, కదలిక మూడింటినీ విడివిడిగా కొలిచే పద్ధతి పెట్టారు. ఇప్పుడు వాడే రూపంలో కళ్ళు తెరవడానికి 4, మాటకు 5, కదలికకు 6 వరకు మార్కులు. మొత్తం 15 వస్తే పూర్తి స్పృహ, 8 లేదా అంతకంటే తక్కువైతే తీవ్రమైన గాయం. అన్నిటికన్నా తక్కువ 3. ఈ రోజు మన ఆసుపత్రుల కేస్ షీట్లలో 'జీసీఎస్' అని రాసేది ఇదే. 2008లో వచ్చిన 'క్రాష్' అనే అంచనా పద్ధతి ఈ మార్కులకు వయసు, వెలుతురుకు కంటిపాప స్పందన, ఒంటి మీద ఇతర పెద్ద గాయాలు, సీటీలో కనిపించే కొన్ని గుర్తులు జోడించి, రెండు వారాల్లో చనిపోయే అవకాశం ఎంత, ఆరు నెలలకు పరిస్థితి బాగాలేకపోయే అవకాశం ఎంత అన్నది శాతాల్లో చెబుతుంది. పదివేలకు పైగా రోగుల వివరాల మీద కట్టిన లెక్క ఇది. మన దేశం నుంచి కూడా రోగులు అందులో ఉన్నారు. మరో విశేషం ఏమిటంటే, సంపన్న దేశాలకు ఒక లెక్క, తక్కువ, మధ్య ఆదాయ దేశాలకు ఇంకో లెక్క పెట్టారు. ఒకే వయసు, అవే మార్కులు, అదే సీటీ బొమ్మ. దేశం మారితే అంచనా మారుతుంది. గాయం ఎంతన్నది బొమ్మలో ఉంది సరే, మిగతాది అంబులెన్స్ ఎంతసేపట్లో వచ్చింది, ఐసీయూలో మంచం దొరికిందా, ఇంటికి వెళ్ళాక ఫిజియోథెరపీ జరిగిందా అన్నవాటిలో ఉందని ఆ లెక్క వేసినవాళ్ళే ఒప్పుకున్నట్టు.

పైగా శాతం అన్నది గుంపుకు వర్తించే మాట. 'ఇలాంటి నూరుమందిలో డెబ్భైమందికి బాగుపడలేదు' అంటే మన ఎదుట మంచం మీద ఉన్నవాడు ఆ డెబ్భైలో ఉన్నాడో ముప్ఫైలో ఉన్నాడో ఆ అంకెకు తెలియదు. ఇది గణితం తెలిసిన ప్రతివాళ్ళకూ తెలిసిందే. ఐసీయూ గుమ్మం దగ్గర మాత్రం డెబ్భై శాతం కాస్తా 'లాభం లేదు' అన్న రెండు మాటలుగా మారిపోతుంది. చెప్పేవాళ్ళకు తీరిక లేదు, వినేవాళ్ళకు ధైర్యం లేదు.

సీటీకి అసలు కనిపించని గాయం కూడా ఒకటుంది. వేగంగా పోతున్న తల ఒక్కసారిగా ఆగినప్పుడు, తిరగబడినప్పుడు మెదడు లోపలి నరాల తంతువులు సాగి తెగిపోతాయి. పెద్ద రక్తస్రావం ఉండదు, గడ్డ ఉండదు, సీటీ దాదాపు మామూలుగానే ఉంటుంది. రోగి మాత్రం కళ్ళు తెరవడు. దీనికి తగిలిన దెబ్బ పెద్దదే కానక్కర్లేదని, తెలివితో ఉన్నవాళ్ళలోనూ ఉండొచ్చని అమెరికాలో జరిగిన 'ట్రాక్ టీబీఐ' పరిశోధన చూపింది. స్వల్ప గాయంగా లెక్కించి, సీటీ మామూలుగా ఉందన్న రోగులకు ఎమ్మారై తీస్తే నలుగురిలో ఒకరికి పైగా ఏదో ఒక గాయం బయటపడింది. తెలుగువాళ్ళకు గుర్తున్న ఒక సంగతి ఇక్కడ చెప్పుకోవచ్చు. 2021 సెప్టెంబరు 10న హైదరాబాద్ కేబుల్ బ్రిడ్జి దగ్గర నటుడు సాయి ధరమ్ తేజ్ బైకు మీద నుంచి పడ్డారు. తలకు హెల్మెట్ ఉంది. మెదడుకు, వెన్నెముకకు పెద్ద గాయాల్లేవన్నది అప్పటి ఆసుపత్రి ప్రకటన. అయినా ఆ తర్వాత మాట రాక ఇబ్బంది పడ్డానని 2023లో 'విరూపాక్ష' విడుదల నాటి ఇంటర్వ్యూల్లో ఆయనే చెప్పుకున్నారు. దానికి కారణం ఏమిటో బయటివాళ్ళం ఊహించకూడదు. అయితే 'స్కాన్ బాగుంది' అన్నా కోలుకోవడానికి నెలలు పట్టవచ్చని, ఇంట్లోవాళ్ళు 'అన్నీ నార్మలే కదా, ఇంకా ఎందుకిట్లున్నవ్' అని విసుక్కోకూడదని ఆ ఉదంతం చెబుతుంది.

ఎమ్మారై ఈ లోటును కొంత తీరుస్తుంది. అందులో ఒక పద్ధతి సూదిమొనంత రక్తపు చుక్కలను కూడా చూపుతుంది. ఇంకో పద్ధతి మెదడులోని నీటి కణాల కదలికను కొలుస్తుంది. గట్టు బాగున్న కాలువలో నీళ్ళు ఒకే దిక్కున పారుతాయి, గండి పడితే నలుదిక్కులా పోతాయి. నరాల తంతువుల కట్ట చెక్కుచెదరకుండా ఉంటే నీరు దాని పొడుగునే కదులుతుంది, తెగితే చెదురుతుంది. ఆ చెదిరిన తీరును అంకెల్లోకి మార్చి ఏడాది తర్వాత పరిస్థితిని అంచనా వేసిన ఫ్రెంచి, యూరోపియన్ పరిశోధనలు మంచి ఫలితాలే చూపాయి. అంచనాల్లో ఇప్పుడు ఎక్కువ ఆశ పెట్టుకోదగ్గది ఇదేనని నా అభిప్రాయం. కాకపోతే వెంటిలేటర్ మీద ఉన్న రోగిని అరగంటా ముప్పావుగంటా ఎమ్మారై గొట్టంలో పడుకోబెట్టడం మాటలు కాదు. ఆ గదిలోకి మామూలు వెంటిలేటర్ పోదు, ఇనుముతో చేసినది ఏదీ పోకూడదు, దారిలో బీపీ పడిపోతే ప్రాణాల మీదికి వస్తుంది. పైగా ఒక యంత్రం మీద వచ్చిన అంకె ఇంకో కంపెనీ యంత్రం మీద వచ్చిన అంకెతో నేరుగా సరిపోదు. పారిస్ అంకెను పంజాగుట్టలో అలాగే వాడుకోవడం కుదరదు.

అసలు చిక్కు ఇంకో చోట ఉంది. అంచనా తనను తానే నిజం చేసుకోగలదు. కెనడాలో ఆరు పెద్ద ట్రామా ఆసుపత్రుల్లో తీవ్రమైన తలగాయంతో చేరిన 720 మందిని పరిశీలించి 2011లో ఒక నివేదిక వచ్చింది. మొత్తం మీద 31.7 శాతం మంది చనిపోయారు. ఆసుపత్రిని బట్టి చూస్తే ఒకచోట మరణాలు 10.8 శాతం, మరోచోట 44.2 శాతం. చనిపోయినవాళ్ళలో నూటికి డెబ్భై మంది వెంటిలేటర్ లాంటి ఆధారాలు ఆపేయాలన్న నిర్ణయం తర్వాత పోయినవాళ్ళు. బాగుపడరని అనుకుని వైద్యం ఆపారు, ఆపారు కాబట్టి పోయారు, పోయారు కాబట్టి 'ఇలాంటి స్కాన్ ఉన్నవాళ్ళు బతకరు' అన్న లెక్కలోకి చేరారు. రేపు వచ్చే రోగికి ఆ లెక్కే ఆధారం. వైద్యులు కావాలని చేసిందేమీ కాదు. కొందరి విషయంలో ఆ నిర్ణయం సరైనదే అయి ఉంటుంది. కానీ ఎవరి విషయంలో కాదో తెలుసుకునే దారి మూసుకుపోయింది.

మన దగ్గర ఈ చక్రం ఇంకో రూపంలో తిరుగుతుంది. ఇక్కడ చాలాసార్లు వైద్యం ఆగేది డాక్టరు నిర్ణయంతో కాదు, డబ్బుతో. హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్స్ దేశానికే దారి చూపింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ తల ఆపరేషన్లకూ వర్తిస్తుంది. వీటివల్ల ఆపరేషన్ బల్ల దాకా చేరడం మునుపటికన్నా తేలికైంది. ఆ తర్వాత వారాల తరబడి సాగే ఐసీయూ, గొంతు దగ్గర గొట్టం, ముక్కులో నుంచి ఆహారం, పుండ్లు పడకుండా గంటగంటకూ ఒత్తిగిలించడం, ఇవి మోయలేని బరువు. 'గ్యారంటీ ఇవ్వలేం' అని ఒక్క మాట వినబడగానే సంతకం పెట్టి తీసుకుపోయేవాళ్ళున్నారు. కాగితాల మీద దాన్ని 'లామా' అంటారు, వైద్యుల సలహాకు వ్యతిరేకంగా వెళ్ళిపోవడం అని. ఆ రోగికి ఆ తర్వాత ఏమైందో ఆసుపత్రికి తెలియదు, పుస్తకాల్లోకి ఎక్కదు.

మరి ఎన్నాళ్ళు ఆగాలి? ఇక్కడ సాక్ష్యం ఉంది. ట్రాక్ టీబీఐలో తీవ్ర గాయమై రెండు వారాలకు కూడా స్పృహ జాడ లేని 79 మందిని ఏడాది పాటు గమనించారు. వాళ్ళలో 62 మందికి తెలివి వచ్చింది. వివరాలు దొరికిన 56 మందిలో 14 మంది తామెవరో, ఎక్కడున్నారో, ఏ రోజో చెప్పగలిగే స్థితికి వచ్చారు. అందరూ మునుపటిలా అయ్యారని కాదు, చాలామందికి సాయం అవసరమే. కానీ రెండో వారంలో 'ఇక లేవడు' అని ఎవరైనా అని ఉంటే ఎక్కువమంది విషయంలో ఆ మాట తప్పయ్యేది. అందుకే గాయం తర్వాత మొదటి 28 రోజుల్లో కుటుంబంతో మాట్లాడేటప్పుడు ఇలాంటి రోగులందరికీ భవిష్యత్తు లేనట్టు మాట్లాడవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ న్యూరాలజీ 2018లో తన వైద్యులకు గట్టిగా చెప్పింది. ఎమ్మారైతో అంచనా వేయదలిస్తే ఆరు నుంచి ఎనిమిది వారాలప్పుడు తీయమని కూడా అదే మార్గదర్శకం సూచించింది. మొదటి రాత్రి తీసిన సీటీ జాతకానికి పనికి రాదనడానికి ఇంతకంటే స్పష్టమైన మాట అక్కర్లేదు.

కళ్ళు తెరిచి ఉండీ పిలిస్తే పలకని మనిషి లోపల ఏమీ లేదనుకోవడం కూడా ఇప్పుడు కుదరదు. 2006లో ఏడ్రియన్ ఓవెన్ బృందం ఇంగ్లండులో రోడ్డు ప్రమాదానికి గురైన ఒక యువతిని, వైద్యులు స్పృహ లేదని తేల్చాక, ఎమ్మారైలో ఉంచి టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యవంతులు ఊహించుకున్నప్పుడు వెలిగే చోటే ఆమె మెదడులోనూ వెలిగింది. 2024లో వచ్చిన పెద్ద పరిశోధనలో మాటకు స్పందించని 241 మందిలో 60 మంది, అంటే నలుగురిలో ఒకరు, ఇలా లోలోపల చెప్పింది చేస్తున్నారని తేలింది. ఈ పరీక్ష మామిడిపల్లి రోగికి రేపే అందుతుందని నేను అనను. అంతదాకా చేయగలిగింది, ఆ మంచం పక్కన 'వీడికేం వినబడదులే' అనుకుని ఏది పడితే అది మాట్లాడకుండా ఉండడం.

దీనికి అభ్యంతరాలు ఉన్నాయి, అవి తేలిక అభ్యంతరాలు కావు. మొదటిది వైద్యులది: 'ఆశ పెడితే ఇల్లు గుల్ల చేసుకుంటారు. చివరికి పేషెంటూ దక్కడు, అప్పూ మిగులుతుంది. ముందే ఉన్నది ఉన్నట్టు చెప్పడం దయ.' ఇందులో నిజం ఉంది. ఎనభై ఏళ్ళ మనిషి, రెండు కంటిపాపలూ స్పందించకపోవడం, జీసీఎస్ 3, సీటీలో మెదడు పూర్తిగా ఒత్తిడికి లోనవడం, ఇవన్నీ కలిస్తే చెప్పాల్సింది దాచడం నేరమే. కానీ పాతికేళ్ళ కుర్రాడిని, ఒక కంటిపాప స్పందిస్తున్నవాడిని అదే వాక్యంతో పంపించేయడం దయ అనిపించుకోదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడమంటే తెలియనిది తెలియదని చెప్పడం కూడా. 'ప్రాణానికి ముప్పు ఇంత, బతికితే ఇలా ఉండే అవకాశం ఎక్కువ, రెండు వారాలకు మళ్ళీ చూసి చెబుతాం, ఖర్చు రోజుకు ఇంత' అని చెబితే నిర్ణయం కుటుంబం తీసుకుంటుంది. డబ్బు చాలక తీసుకుపోవలసి వస్తే అది డబ్బు చాలక అని వాళ్ళకూ తెలియాలి. స్కాన్ మీదికి నెట్టకూడదు.

రెండోది యంత్రాన్ని నమ్మేవాళ్ళది: కృత్రిమ మేధ వచ్చేసింది, మనిషి కన్నా బాగా చదువుతుంది కదా అని. చదవడం వరకు నిజమే. 2018లో ముంబయికి చెందిన క్యూర్ డాట్ ఏఐ మన దేశంలోని కేంద్రాల నుంచి సేకరించిన 3,13,318 తల సీటీల మీద శిక్షణ ఇచ్చిన పద్ధతిని 'లాన్సెట్'లో ప్రచురించింది. రక్తస్రావం, పుర్రె చిట్లడం, మెదడు పక్కకు జరగడం అది బాగా పట్టుకుంటుంది. అర్ధరాత్రి రేడియాలజిస్టు లేని చోట ఇది ప్రాణాలు కాపాడే సాధనం. భవిష్యత్తు చెప్పడం వేరు. పిట్స్‌బర్గ్ పరిశోధకులు 2022లో సీటీనీ ఇతర వివరాలనూ కలిపి ఆరు నెలల ఫలితం అంచనా వేసే పద్ధతి చేశారు. తమ ఆసుపత్రి రోగుల విషయంలో అది అనుభవం ఉన్న శస్త్రవైద్యులను మించింది. బయటి ఆసుపత్రుల రోగుల దగ్గరికి వచ్చేసరికి పాత పద్ధతులకన్నా చెప్పుకోదగ్గ తేడా చూపలేదు. తాను పెరిగిన ఊరు దాటితే తడబడే జ్యోతిష్యం అన్నమాట. రక్తస్రావం ఉందా లేదా అన్నది బొమ్మలోనే ఉంటుంది కనుక మన మూడు లక్షల బొమ్మలు దానికి చాలాయి. ఆరు నెలల తర్వాత ఏమైందన్నది బొమ్మలో ఉండదు, ఎవరో వెళ్ళి అడిగి రాయాలి.

మూడోది అవయవదానం గురించి వచ్చే సందేహం. 'అంత తొందరగా ఏమీ తేల్చకూడదంటే బ్రెయిన్ డెడ్ అని ఎలా అంటున్నారు?' అని. ఈ రెంటినీ కలపడం పెద్ద పొరపాటు. బ్రెయిన్ డెత్ అంచనా కాదు, మరణమే. 1994 చట్టం ప్రకారం నలుగురు వైద్యుల బృందం, మెదడు మూలంలో ప్రాణాధారమైన ప్రతిస్పందనలు ఏవీ లేవని, సొంతంగా శ్వాస తీసుకోవడం లేదని పరీక్షించి, కనీసం ఆరు గంటల తర్వాత మళ్ళీ పరీక్షించి ధ్రువీకరిస్తుంది. స్కాన్ ఒక్కదాన్ని చూసి చేసేది కాదు. నిమ్స్ కేంద్రంగా నడుస్తున్న జీవన్‌దాన్ ద్వారా అవయవాలు ఇచ్చిన కుటుంబాలు బతికే అవకాశం ఉన్నవాళ్ళను వదులుకున్నవి కావు. కోమాకు ఓపిక పట్టాలి. ధ్రువీకరించిన బ్రెయిన్ డెత్ తర్వాత ఎదురుచూడవలసింది లేదు.

ఇక మనకు కావలసింది ఇంకో కొత్త యంత్రం అని నేను అనుకోను. హైదరాబాద్‌లో స్కానర్లకు కొదవ లేదు. ఉస్మానియా, గాంధీ, నిమ్స్ మొదలుకొని ఔటర్ చుట్టూ వెలసిన కార్పొరేట్ ఆసుపత్రుల వరకు తలగాయం రోగి సీటీ లేకుండా వెళ్ళడం అరుదు. లేనిది ఆ తర్వాతి అధ్యాయం. డిశ్చార్జి అయిన మనిషి లేచి నడుస్తున్నాడా, పనికి పోతున్నాడా, భార్యాపిల్లలను గుర్తుపడుతున్నాడా అన్నది ఎవరూ రాసి పెట్టడం లేదు. దీనికి ఖరీదైన ఏర్పాటు అక్కర్లేదు. గ్లాస్గో వాళ్ళే 1975లో రూపొందించిన కొలతకు ఆ తర్వాత విస్తరించిన రూపం ఒకటుంది. ఫోన్‌లో పది పదిహేను ప్రశ్నలు అడిగి ఇంట్లోవాళ్ళ జవాబులతోనే దాన్ని పూర్తి చేయవచ్చు. ఆరోగ్యశ్రీ కింద తల ఆపరేషన్ అయిన ప్రతి రోగి ఫోన్ నంబరు ప్రభుత్వం దగ్గర ఉంది. ఆరో నెలలో ఒకసారి, ఏడాదికి ఒకసారి ఆ ఫోన్ చేయించి, వచ్చిన జవాబును మొదటి రోజు సీటీ పక్కన భద్రపరిచే బాధ్యతను ఆరోగ్య శాఖ ఆసుపత్రులకు అప్పగించాలి. సంతకం పెట్టి తీసుకుపోయినవాళ్ళకూ ఆ ఫోన్ వెళ్ళాలి.